పిండిమరలో దుప్పటి కప్పుకున్న కంప్యూటరు

ఫ్లాపీ మామయ్య తన జీవితంలో కష్టపడి సాధించిన మొదటి ఘనవిజయం ఒక ఎలుక మీద. మామూలు ఎలుక అనుకునేరు. పిండిమర కట్టిన నాటి నుంచీ అందులో తరతరాలుగా కాపురం ఉంటున్న వంశానికి అది ఆఖరి వారసురాలు. గోడ పగుళ్ళలో మిగిలిన పాత పిండి తిని, నీటి సరఫరా ఆఫీసు వారి పెద్ద ప్రింటరు కడుపులో కాగితం ముక్కలతో మెత్తటి పరుపు వేసుకుని, రిబ్బను నమిలి, తీగల మీది తొడుగు ఒలిచి, చలికాలమంతా మహారాణిలా ఏలింది. మామయ్య బోను పెట్టాడు. అది ఎర తిని, బోను ఆయనకే వదిలేసింది. పిల్లిని తెచ్చాడు. ఆ పిల్లి లోపలి చలిని ఒక్క పూట రుచి చూసి వంటింటి గడపలోకి మకాం మార్చేసింది. చివరికి ప్రింటరు వెనక తీగలు దూరే కంతలన్నిటిలోనూ గిన్నెలు తోమే ఇనుప పీచు కుక్కాడు. మహారాణి పళ్ళు అక్కడితో ఆగాయి. మామయ్య ఈ యుద్ధగాథను పాలు పోసేవాడికీ, కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాడికీ, దారి తప్పి వచ్చినవాడికీ చెప్పాడు. పీచు కుక్కమని చెప్పిందీ, తన వంటింటి నుంచి తెచ్చి చేతిలో పెట్టిందీ పిండిమర అక్కయ్య. కాని ఘనవిజయాలు చెప్పుకునేటప్పుడు అలాంటి చిల్లర సంగతులు ఎవరు చెబుతారు?

అక్కయ్య అంటే మామయ్యకు తోడబుట్టిన అక్క. వీధి మొత్తానికీ ఆమె అక్కయ్యే. ఇంటి వెనక ఖాళీ జాగా దాటగానే ఉండే పిండిమరను ఆమె తన చేతుల మీదుగా నడిపింది. ఆడది మర ఆడిస్తే పిండి బరకగా వస్తుందన్న పెద్దమనుషులే, తరవాత గోధుమల సంచీ భుజాన వేసుకుని ఆమె ముందు వరసలో నిలబడ్డారు. చిటికెడు పిండి వేళ్ళ మధ్య నలిపి అందులో తేమ ఎంతుందో చెప్పేది. మీటర్లు పెట్టుకున్న పెద్ద మిల్లుల వాళ్ళు కూడా ఒకటి రెండుసార్లు వచ్చి ఆమె వేళ్ళను అడిగిపోయారు. ఆ పెద్ద మిల్లులే చివరికి ఆమె మరను మింగేశాయనుకోండి, అది వేరే సంగతి. రాళ్ళు అమ్మేశారు, బెల్టులు అమ్మేశారు. మిగిలినవి మూరెడు మందం రాతిగోడలు, పైన రేకులు, లోపల చలి. చలిని మాత్రం ఎవరూ కొనలేదు. చలికాలంలో అక్కడ బకెట్లో నీళ్ళు పెడితే పొద్దున్నకు పైన అద్దం బిగించినట్టు మంచు పేరుకునేది.

తమ్ముడు నీటి సరఫరా ఆఫీసులో కంప్యూటరు ఆపరేటరు. ఆ కాలపు కంప్యూటరు అంటే ఒళ్ళో పెట్టుకునేది కాదు. బీరువా అంత పెట్టె, పక్కనే అంతే ఎత్తున రెండు టేపు పెట్టెలు, ఎద్దులా రంకె వేసే ప్రింటరు. ఊళ్ళో కుళాయి ఉన్న ప్రతి ఇంటికీ బిల్లు కొట్టింది అదే. దాని ముందు కూర్చున్నన్నాళ్ళూ ఊరి నీళ్ళన్నీ తన చేతి మీదుగా పారుతున్నాయనే తమ్ముడి నమ్మకం. కొన్నాళ్ళకు ఆఫీసువాళ్ళు బల్ల మూలన పట్టే చిన్న కంప్యూటరు కొని, పెద్దదాన్ని పాత ఇనుము కింద వేసేయమన్నారు. పాత ఇనుమువాడి కంటే ముందు తమ్ముడి బండి గేటు దగ్గర నిలబడింది.

"ఒక్క వారం అక్కా," అన్నాడు పిండిమర ముందు బండి ఆపి. "చోటు చూసుకుని తీసుకెళ్ళిపోతా."

ఆ వారం ఇంకా కాలేదు. ఈలోగా తమ్ముడి జుట్టు నెరిసింది, ఉద్యోగం అయిపోయింది. పెద్ద కంప్యూటరుకు చుట్టాలు మాత్రం పెరిగారు. ఊళ్ళో పారేయడానికి మనసొప్పని వాళ్ళంతా పాత మానిటర్లు, కీబోర్డులు, ఫ్లాపీల డబ్బాలు తెచ్చి, పిల్లికూనల్ని వదిలేసినట్టు మర గుమ్మంలో పెట్టి పోయేవాళ్ళు. ఫ్లాపీ మామయ్య అన్న పేరు అలా వచ్చింది. పెళ్ళి మాటెత్తితే "చోటెక్కడుందక్కా?" అనేవాడు. అది నిజమే కాబట్టి అక్కయ్య ఇంక ఎత్తలేదు.

ఎలుక తరవాత ఆయన సాధించినవి తక్కువేం కాదు. మొదటి ఏడాది అన్నిటికీ సంతలో కొన్న ప్లాస్టిక్ పట్టాలు చుట్టి, గాలి దూరకుండా తాళ్ళతో బిగించి, పిల్లల్ని పడుకోబెట్టిన తల్లిలా తృప్తిగా ఇంటికొచ్చాడు. ఎండలు మొదలయ్యాక విప్పి చూస్తే పట్టాల లోపలి వైపంతా నీటి బొట్లు, పెట్టెల కాళ్ళకు తుప్పు. చలికి కప్పాననుకుని తడిని లోపలే పెట్టి తాళం వేశాడన్నమాట. ఆ తరవాత ప్లాస్టిక్ వదిలేసి, గాలాడే నూలు దుప్పట్లు కప్పడం మొదలుపెట్టాడు. దుప్పట్లు ఎవరివో చెప్పనక్కరలేదు.

"చుట్టాలొస్తే కప్పుకోడానికి గుడ్డ లేదు," అనేవాడు అక్కయ్య భర్త. "ప్రింటరుకి మాత్రం పూల దుప్పటి. వచ్చే జన్మంటూ ఉంటే ప్రింటరుగా పుట్టాలి."

తరవాత నేల మీద నుంచి అన్నిటినీ మోకాలెత్తు చెక్కదిమ్మల మీదికి ఎక్కించాడు. రాతి నేల అడుగు నుంచి తడిని పీల్చి పైకి పంపుతుందట. గోడకు మనిషి పట్టేంత ఎడం ఉంచాడు, వెనక గాలి తిరగాలని. చిన్న కంప్యూటర్లన్నిటినీ విప్పి, లోపల బోర్డు మీద ఉండే గోరంత బ్యాటరీని ఒక్కొక్కటే పీకేశాడు. బ్యాటరీ ముసలిదైతే పుండులా కారి, చుట్టూ ఉన్న రాగి గీతల్ని తినేస్తుందట. ఈ సత్యాన్ని ఆయన ముందే కనిపెట్టలేదు. ఒక కంప్యూటరు అలా కుళ్ళి చచ్చాక కనిపెట్టాడు. గొప్పవాళ్ళ సంగతులన్నీ అంతే.

గోడకు ఒక గుండ్రటి మీటరు తగిలించాడు. గాలిలో తేమ ఎంతుందో చూపించే ముల్లు అది. అక్కయ్య మొదటిసారి దాన్ని చూసి, "ఒరేయ్, నీ గడియారం ఆగిపోయిందిరా," అంది. అది గడియారం కాదని తమ్ముడు చెప్పిన వివరణ మాత్రం చాలాసేపు ఆగలేదు. బయట గాలి పొడిగా ఉన్న రోజు తలుపులు తీయాలి, మంచు కురిసే రోజు మూయాలి. చలికి తలుపులు మూసి, మబ్బుకు తెరిచే లోకంలో, తమ్ముడు దీనికి సరిగ్గా ఎదురు నడిచేవాడు.

అన్నిటికీ మించిన నియమం ఒకటుంది. దాన్ని అక్కయ్య కళ్ళజోడుతో నేర్పాడు.

"చలికి యంత్రం చావదక్కా. చలిలో ఉన్నదాన్ని ఒక్కసారిగా వెచ్చబెడితే చస్తుంది. చలికాలం బయటి నుంచి కళ్ళజోడుతో వంటింట్లోకి వస్తావు. ఏమవుతుంది?"

"నువ్వు తిని వదిలేసిన గిన్నెలు కనబడవు."

"అదే! అద్దాల మీద తడి కమ్ముతుంది. పెట్టె లోపల బోర్డుల మీద కూడా అంతే. ఆ తడి మీద కరెంటు ఇచ్చామా, ఇంక దానికి నీళ్ళు వదులుకోవడమే."

కాబట్టి పిండిమరలో పొయ్యి వెలిగించకూడదు. టీ కాయకూడదు. తడి గొడుగు లోపలికి తేకూడదు. నలుగురు ఒకేసారి వస్తే, ఊపిరి కాస్త పొదుపుగా వాడమని కూడా ఆయన ఒకసారి అన్నాడని వీధిలో చెప్పుకుంటారు. అనే ఉంటాడు.

ఈ నియమానికి పక్కింట్లో కాదు, ఆ ఇంట్లోనే ఒక శత్రువు ఉన్నాడు. అక్కయ్య భర్త బాయిలర్ బావ. పెద్దాసుపత్రిలో బాయిలర్ మండించి, అన్ని వార్డులకూ వెచ్చదనం పంపిన మనిషి. ఆయన ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఒక్క రోగి కూడా చలికి వణకలేదని, వేరే కారణాలతో వణికితే అది డాక్టర్ల పూచీ అని చెప్పుకుంటాడు. ఎక్కడైనా మనిషి పళ్ళు పటపటలాడితే దాన్ని సొంత అవమానంగా తీసుకునే స్వభావం. ఒకరు వేడి భక్తుడు, ఒకరు చలికి కాపలాదారు. పెరట్లో ఎదురుపడితే చాలు.

"బామ్మర్దీ, నీ మెషీన్లకి మనిషికున్న రోగాలన్నీ ఉన్నాయిరా. మనిషికున్న ఓపికే లేదు."

"మనిషైతే చెమట తుడుచుకుంటాడు బావా. బోర్డుకి చేతుల్లేవు."

"ఉంటే ముందు నీ చెంప మీద పడేవి."

ఇలా ఎవరి మతం వాళ్ళది అనుకుంటూ రోజులు గడుస్తుండగా అల్లుడు దిగాడు. అక్కయ్య కూతురి భర్త. మూడు వ్యాపారాలు మొదలుపెట్టి, మూడింటినీ తన తప్పేమీ లేకుండా ముంచిన అనుభవశాలి. నాలుగోది పుట్టగొడుగుల పెంపకం. భోజనాల దగ్గర కూర్చుని పిండిమర వైపు, పెళ్ళిచూపుల్లో పిల్లను చూసినట్టు చూశాడు.

"చీకటి, చల్లదనం, తేమ. మూడూ ఉన్నాయి అత్తయ్యగారూ. దేవుడు పుట్టగొడుగుల కోసమే కట్టించినట్టుంది."

"దేవుడు కాదు, మా మామగారు కట్టించారు," అంది అక్కయ్య.

తమ్ముడి చేతిలో ముద్ద ఆగిపోయింది. "తేమా? ఎక్కడుంది తేమ? నా మీటరు చూసి మాట్లాడు! ఇన్నేళ్ళు కష్టపడి ఎండబెట్టిన గది అది!"

"పరవాలేదు చిన్నమామయ్యగారూ, మళ్ళీ తడిపేద్దాం," అన్నాడు అల్లుడు, ఓదార్పుగా.

అక్కయ్య కూతురు తల వంచుకుని మొగుడి కంచంలో ఇంకో గరిటె కూర వడ్డించింది. కూతురి కాపురం ఒక పక్క, తమ్ముడి పెట్టెలు ఒక పక్క. అక్కయ్య చెయ్యి కడుక్కుని వచ్చి తీర్పు చెప్పింది. నగరంలో పాత యంత్రాల మ్యూజియం ఒకటి ఉంది. దాన్ని చూసుకునే మేడమ్‌కి తమ్ముడు ఎప్పటినుంచో ఫోన్లు చేస్తున్నాడు. వాళ్ళు తీసుకుంటే సరే. లేకపోతే జనవరి నెలాఖరుకు పాత ఇనుమువాడు వస్తాడు, ఆ పైన పుట్టగొడుగులు వస్తాయి.

"నా మాటకు తిరుగులేదు," అంది. అప్పటివరకూ నిజంగానే లేదు.

మ్యూజియం మేడమ్ ఒక్కటే అడిగింది. పెద్ద కంప్యూటరు నడుస్తుండగా తన కళ్ళతో చూడాలి. నడవని ఇనుము వాళ్ళ దగ్గర ఇప్పటికే గుట్టలుగా ఉందట. నడిస్తే దాన్నీ, దాని చుట్టాలందరినీ తీసుకెళ్ళడానికి తన వంతు గట్టిగా చెబుతానంది. జనవరి మూడో వారంలో బస్సులో వస్తానంది.

తమ్ముడు అప్పటినుంచీ నేల మీద నడవలేదు. ఆ రోజుల్లో చలి కొరుకుతున్నా గాలి పొడిగా ఉంది. ముందు ఫ్యాన్లు, తరవాత పెద్ద పెట్టె, ఆ తరవాత టేపులు, చివరికి ప్రింటరు, ఒక్కొక్కటే లేపి చూశాడు. ప్రింటరు రంకె వేస్తే పైన రేకులు అదిరి, చూరులో పావురాలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. "విన్నావా అక్కా!" అని ఇంట్లోకి పరుగెత్తుకొచ్చాడు. పక్క వీధిలో వాళ్ళు కూడా విన్నారు.

మేడమ్ వచ్చే రోజు పొద్దున్నే గడ్డం గీసుకుని, ఆఫీసు కాలం నాటి కోటు వేసుకుని బస్టాండుకు బయల్దేరాడు. "నేనొచ్చేదాకా ఎవరూ మర తలుపు తీయకండి," అని చెప్పి మరీ వెళ్ళాడు.

అక్కయ్య తలుపు తీసింది. తీయక తప్పలేదు, కుర్చీలు వేయాలి కదా. కుర్చీ మీద చెయ్యి వేస్తే ఇనుము చురుక్కుమంది. గుమ్మం బయట బకెట్లో మంచు. నగరం నుంచి ఒక ఆడమనిషి పని కట్టుకుని బస్సెక్కి వస్తుంటే, ఇందులోనా కూర్చోబెట్టడం? వచ్చినవాళ్ళను ఏనాడూ నొప్పించి పంపని ఇల్లు. రేపు ఆవిడ నగరానికి పోయి, పిండిమర అక్కయ్య ఇంట్లో ముక్కు రాలిపోయిందని చెప్పుకోదూ?

"ఈ గదిలో మనిషన్నది కూర్చోగలదా?" అంది, గుమ్మంలో నిలబడ్డ భర్తతో.

ఆ ఒక్క వాక్యం కోసం బాయిలర్ బావ ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్నాడు. "ఊ అను చాలు."

"నేనేమీ అనలేదు. నేనేమీ చూడలేదు కూడా," అని అక్కయ్య కుర్చీలు తుడవడంలో పూర్తిగా మునిగిపోయింది.

బావ ముందు గ్యాస్ హీటరు తెచ్చాడు. అది చాలదనిపించి పొయ్యి తెచ్చి, ఒక వార్డుకు సరిపోయే గిన్నె నిండా టీ నీళ్ళు పెట్టాడు. మూత పెడితే ఆవిరి వృథా అవుతుందని మూత కూడా పెట్టలేదు. కాసేపట్లో గది వెచ్చబడింది. కట్టిన నాటి నుంచీ ఆ గోడలు చూడని సౌఖ్యం. ఊరికే చూసిపోదామని అల్లుడు కూడా వచ్చి చేతులు కాచుకున్నాడు.

తలుపు తెరుచుకుంది. తమ్ముడి కళ్ళజోడు, మేడమ్ కళ్ళజోడు ఒకేసారి తెల్లబడ్డాయి.

"అబ్బ, ఎంత హాయిగా ఉందండీ," అంది మేడమ్, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. నడివయసు మనిషి, మందపాటి కోటు, మర్యాదైన గొంతు.

బావ ఛాతీ రెండంగుళాలు పెరిగింది. "రండమ్మా, రండి. మా బామ్మర్దికి మనుషుల గురించి తెలీదు. ముందు వేడిగా ఓ టీ తాగండి."

తమ్ముడు కళ్ళజోడు కూడా తుడుచుకోలేదు. గుడ్డివాడిలా తడుముకుంటూ వెళ్ళి, పెద్ద కంప్యూటరు మీది పూల దుప్పటి లాగాడు. దుప్పటి చెమ్మగా వచ్చింది. కింద రేకంతా కొత్తకుండలా చెమర్చి ఉంది. ఒక బొట్టు బద్ధకంగా పైనుంచి కిందకు జారి, మీటల సందులోకి దూరింది. పిండిలో తేమ కనిపెట్టిన అక్కయ్య వేళ్ళకు ఆ పెట్టెను ముట్టుకునే పని పడలేదు. చూస్తేనే అర్థమైంది. గోడ మీద మీటరు ముల్లు ఇంక వెళ్ళడానికి చోటు లేక చివర ఆనుకుని నిలబడింది.

"అద్భుతం మామయ్యగారూ!" అన్నాడు అల్లుడు బావతో. "నాకు కావలసింది సరిగ్గా ఈ గాలే!"

"మీట వెయ్యరా బామ్మర్దీ, చూద్దాం," అన్నాడు బావ గిన్నె కలుపుతూ.

"వెయ్యను."

ఆ మాట తమ్ముడి నోట్లోంచి వచ్చిందంటే అక్కయ్య నమ్మలేకపోయింది. చూపిస్తానంటూ దారిన పోయేవాళ్ళ చొక్కా పట్టుకుని లాక్కొచ్చే మనిషి. ఇన్నేళ్ళకు తనంతట తాను టిక్కెట్టు కొనుక్కుని వచ్చిన ప్రేక్షకురాలు ఒకామె దొరికితే, వెయ్యడట. అక్కయ్య అతని మోచెయ్యి పట్టుకుని టేపు పెట్టెల వెనక్కి ఈడ్చింది.

"నీకేమైనా పిచ్చా? పైన గుడ్డతో తుడిచి వెయ్యి."

"పైన నేను తుడుస్తా. లోపల ఎవరు తుడుస్తారు?"

"ఆవిడ మళ్ళీ మళ్ళీ వస్తుందా? ఇవాళ చూపించకపోతే నెలాఖరుకి ఇనుమువాడి పాలేగా. ఎలాగూ పోయేదే. పోయేముందు ఒక్కసారి వేసి చూపిస్తే నీ సొమ్మేం పోయింది?"

తమ్ముడు కళ్ళజోడు తీసి కోటుకు తుడుచుకున్నాడు. "ఇనుమువాడు తీసుకెళ్తే వాడు చంపినట్టక్కా. ఇప్పుడు వేస్తే నేను చంపినట్టు."

మాటకు మాట అప్పజెప్పడంలో ఆ చుట్టుపక్కల అక్కయ్యను మించినవాళ్ళు లేరు. ఆమెకు మాట దొరకలేదు. తమ్ముడు వంగి, గోడలోంచి ప్లగ్గు పీకి, తీగ చుట్టలు చుట్టి, ఆ చుట్ట మీదే కూర్చున్నాడు. కోడి గుడ్ల మీద కూర్చున్నట్టు.

మాట దొరక్కపోతే అరవడానికి మనిషి దొరకాలి. "ఆర్పండి ఆ దిక్కుమాలిన హీటరు!" అంది భర్త మీద పడి.

"నువ్వే కదే…"

"నేనేమన్నానో నలుగురిలో చెప్పండి చూద్దాం!"

బావ నోరు తెరిచి, ఆలోచించి, మూశాడు. ఆమె నిజంగానే ఏమీ అనలేదు.

మేడమ్ కుర్చీలోంచి లేచి, హీటరు మీట తానే తిప్పింది. "తలుపు తీయగానే చెబుదామనుకున్నానండీ," అంది నెమ్మదిగా. "ఆయన అంత ఆదరంగా పిలుస్తుంటే నోరు రాలేదు." అంటే, అల్లుణ్ణి వదిలేస్తే, సంగతి తెలిసినవాళ్ళు ముగ్గురు. ఒకామె కుర్చీలు తుడిచింది, ఒకామె మర్యాదగా నవ్వింది, ఒకడు బస్టాండులో ఉన్నాడు. నమ్మనివాడు ఒక్కడే. పని చేసినవాడూ అతనొక్కడే.

హీటరు, పొయ్యి, గిన్నె బయటికి పోయాయి. తలుపులు, కిటికీలు బార్లా తెరిచారు. కత్తిలాంటి పొడిగాలి ఆ గోడ నుంచి ఈ గోడకు దూసుకుపోయింది. అందరూ పెరట్లో నిలబడి, వణుకుతూ, టీ తాగారు. అతిథి ముక్కు ఎర్రబడకూడదనే ఇంత పనీ చేస్తే, చివరికి అందరి ముక్కులూ ఎర్రబడ్డాయి.

"నడుస్తుంటే చూశానని నేను అబద్ధం చెప్పలేను," అంది మేడమ్ గ్లాసును రెండు చేతులతో పట్టుకుని. "కానీ మా కమిటీ ఫిబ్రవరిలో కూర్చుంటుంది. పెద్దదాన్ని మీరే తెచ్చి మా హాల్లో నడిపి చూపించండి. వాళ్ళకి నచ్చితే మిగతావి కూడా వస్తాయి. నచ్చకపోతే ఇంక నా చేతిలో లేదు."

తమ్ముడు అనుమానంగా చూశాడు. "మీ హాలు వెచ్చగా ఉంటుందా?"

"ఉంటుంది."

"ఎంత వెచ్చగా?"

"కట్టు విప్పకుండా ఒక పగలు, ఒక రాత్రి అలాగే ఉంచుతామండీ. ఎవర్నీ ముట్టుకోనివ్వను. మీరు పక్కనే కూర్చోవచ్చు."

"కూర్చోవడం కాదు, పడుకుంటా."

మేడమ్ బస్సెక్కింది. బావ రెండు రోజులు మఫ్లరు చుట్టుకుని, పొద్దున్నే మర గుమ్మం దగ్గర నిలబడి "ఆరిందా?" అని గాలినడిగి వెళ్ళేవాడు. తమ్ముడు పెట్టెల తలుపులు విప్పి, బోర్డులు ఒక్కొక్కటి తీసి, గాలికి నిలబెట్టి, మళ్ళీ బిగించాడు. ముల్లు తన చోటికి తిరిగొచ్చాక కూడా ఇంకొన్నాళ్ళు ఆగాడు. ఆ పైన మీట వేశాడు. ఫ్యాన్లు తిరిగాయి, టేపులు తిరిగాయి, ప్రింటరు రంకె వేసింది. గుమ్మంలో ఉన్న బావ అదిరిపడి అడుగు వెనక్కి వేశాడు.

కాగితం మీద వరసగా అంకెలు, అంకెల కింద మళ్ళీ అంకెలు. బావ దాన్ని తిరగేసి, బోర్లేసి చూశాడు. "ఇంత గోలా చేసి ఇదేనా చెప్పింది?"

"బాయిలరు ఏం చెప్పేది బావా?"

బావ కాస్త ఆలోచించి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అది ఆయన క్షమాపణ. అంతకంటే ఎక్కువ ఆయన దగ్గర ఎవరూ ఎప్పుడూ పుచ్చుకోలేదు.

వ్యాను వచ్చిన రోజు ఊరంతటా చలి ముదిరింది. తమ్ముడు చలిగా ఉన్న పెట్టెను చలిలోనే ప్లాస్టిక్‌తో చుట్టి, అంచులన్నీ గాలి దూరకుండా టేపు అంటించాడు. అల్లుడు జేబుల్లో చేతులు పెట్టుకుని వింతగా చూశాడు.

"ప్లాస్టిక్ వద్దన్నారుగా చిన్నమామయ్యగారూ?"

"ఉంచేటప్పుడు వద్దు. చలిలోంచి వెచ్చని చోటికి పోయేటప్పుడు కావాలి. అప్పుడు చెమట ప్లాస్టిక్ మీద పడుతుంది, పెట్టె మీద కాదు. లోపలి ఇనుము నెమ్మదిగా వెచ్చబడ్డాకే విప్పాలి."

"ఓహో," అన్నాడు అల్లుడు. పుట్టగొడుగులకు ఇందులో పనికొచ్చేదేమీ లేదని తేలిపోవడంతో ఆసక్తి అక్కడే ఆగింది.

అక్కయ్య ఇంట్లోంచి కొత్త దుప్పట్లు రెండు తెచ్చి, తమ్ముడి చేతిలో పెట్టకుండా వ్యాన్లోకి విసిరింది. "ఒకటి దానికి, ఒకటి నీకు. రెండూ దానికే కప్పావని తెలిసిందంటే ఇంటికి రాకు." తమ్ముడు మర తాళం ఆమెకిచ్చి, మంచు రోజు మూయమని, పొడి రోజు తీయమని, ముల్లు సగం దాటితే ఏం చేయాలో, సగం దాటకపోతే ఏం చేయకూడదో చెప్పడం మొదలుపెట్టాడు. వ్యాను డ్రైవరు ఇంజను వేసి ఆ ఉపన్యాసాన్ని సగంలో తుంచాడు. బావ మాత్రం వ్యాను వెనకాల రెండడుగులు నడిచి అరిచాడు: "హాలు వెచ్చగా ఉంటుందటరా! మెషీను పుణ్యమా అని నువ్వూ కాస్త వెచ్చబడు!"

జనవరి ఆఖరి రోజు పొద్దున్నే అల్లుడు పుట్టగొడుగుల అరలు కట్టే వెదుళ్ళు బండి మీద వేయించుకుని దిగాడు. మర తలుపులు తెరిచి ఉన్నాయి. అక్కయ్య మీటరు ముందు నిలబడి, కళ్ళజోడు పైకి కిందికి జరిపి ముల్లును చూస్తోంది.

"పెద్దది వెళ్ళిపోయిందిగా అత్తయ్యగారూ. మిగతావి ఓ మూలకి జరిపేస్తే అరలు మొదలుపెడతా."

"ఒక్క పెట్టె జరిపావా, నిన్ను జరుపుతాను."

"నెలాఖరన్నారు!"

"అన్నాను."

"ఇవాళే నెలాఖరు!"

"అయితే?" అక్కయ్య వెనక్కి తిరిగింది. "నా మర. నా మాట. అన్నది నేనైతే, మార్చేదీ నేనే. హీటరు నా కళ్ళ ముందు వెలిగింది కాబట్టి వాడు నగరానికి పోయి కమిటీ ముందు నిలబడాల్సొచ్చింది. వాళ్ళు ఊ అంటే ఇవన్నీ వ్యానెక్కుతాయి. ఉహూ అంటే ఇనుమువాడు వస్తాడు. వస్తే నా తమ్ముడి ఎదురుగా రావాలి, వాడు లేనప్పుడు కాదు."

"మరి నా పుట్టగొడుగులు?"

"ఇన్నాళ్ళూ మొలవకుండా ఓపిక పట్టాయిగా. ఇంకాస్త పట్టమను."

అల్లుడు వెదుళ్ళ బండి వైపు, ఆకాశం వైపు, అత్తగారి వైపు చూసి, చివరికి బండివాణ్ణి తిప్పుకోమని సైగ చేశాడు. గేటు దగ్గర ఆగి అడిగాడు.

"ఇంతకీ చిన్నమామయ్యగారు వచ్చేదెప్పుడు?"

"కమిటీ అయిన మర్నాడు బయల్దేరతానన్నాడు," అంది అక్కయ్య, గాలి పొడిగా ఉందని నిర్ధారించుకుని రెండో కిటికీ కూడా తెరుస్తూ. "ఫిబ్రవరి పదకొండు, మంగళవారం."